కొల్లేరు మరిచిపోని ముఖ్యమంత్రి - జలగం వెంగళరావు



ఇలాంటి వార్షిక సంచికల్లో ఒక పెద్దమనిషి జీవితం వేయటం ఆనవాయితీ. సాధారణంగా ఎవరికీ పేచీ లేని పేర్లు ఎంచుకుంటాం. కాటన్ దొరగారు, అల్లూరి, ప్రకాశం పంతులుగారు, కట్టమంచి వారు. వాళ్ళ గురించి ఎంత రాసినా తక్కువే. కాని ఈసారి నన్ను రాయమని మీ యూనియన్ కార్యదర్శి అడిగినప్పుడు, నలుగురూ నాలుగు రకాలుగా మాట్లాడే మనిషి గురించి రాస్తానన్నాను. అలాంటి మనిషి జీవితం చదివితేనే మనకు ఆలోచించటం అలవాటవుతుంది.

ఆయనే కీర్తిశేషులు జలగం వెంగళరావుగారు. 1973 డిసెంబరు నుంచి 1978 మార్చి దాకా ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి. మీలో చాలామందికి ఆయన పేరు హైదరాబాదులో ఒక పార్కు పేరుగానో, ఒక కాలనీ పేరుగానో మాత్రమే తెలిసి ఉంటుంది. మా కొల్లేటి వాళ్ళకు అలా కాదు. మా లంకల్లో పెద్దవాళ్ళు ఆ పేరు ఎత్తితే మాట నెమ్మదిస్తుంది. ఆ నెమ్మదికి కారణం ఏమిటో, అది ఎంతవరకు న్యాయమో చెప్పటమే ఈ వ్యాసం పని.

తొలి రోజులు

వెంగళరావుగారు 1921లో శ్రీకాకుళం సీమలో రాజాం ప్రాంతాన పుట్టారు. పెరిగింది మాత్రం ఖమ్మం జిల్లా బయ్యన్నగూడెంలో. అప్పటికి ఆ ఊరు నైజాం ఏలుబడి. చుట్టూ అడవి, వాగులు, కోయ పల్లెలు. కోస్తాలో పుట్టి తెలంగాణలో స్థిరపడిన కుటుంబం కావటం ఆయన రాజకీయ జీవితంలో తర్వాత ఎంత పనికొచ్చిందో ముందుముందు చూస్తాం.

యౌవనంలో నిజాం వ్యతిరేక పోరాటంలోకి దిగారు, జైలుకెళ్ళారు. హైదరాబాదు సంస్థానం 1948లో భారతదేశంలో కలిసిన తర్వాత కాంగ్రెసు రాజకీయాల్లో నిలదొక్కుకున్నారు. ఆయన ఎదిగిన గడ్డ కమ్యూనిస్టులకు గట్టి పట్టున్న ప్రాంతం. అందుకని కమ్యూనిస్టులతో తగవు ఆయనకు పుస్తకాల్లో చదివి తెచ్చుకున్నది కాదు, ఊరి వాకిట్లో మొదలైనది. ఆ తగవు చివరిదాకా ఆయన్ను వదల్లేదు.

1959లో మన రాష్ట్రంలో పంచాయతీరాజ్ వచ్చింది. ఖమ్మం జిల్లా పరిషత్తు అధ్యక్ష పదవి వెంగళరావుగారికి దక్కింది. రోడ్లు, బళ్ళు, చెరువులు, టీచర్ల బదిలీలు, తాగునీటి బావులు - ఇదీ జిల్లా పరిషత్తు పని. ఫైలు ఎక్కడ ఆగుతుందో, ఎవరు ఆపుతారో, ఎలా కదులుతుందో అక్కడ నేర్చుకున్నారు. పెద్ద ఉపన్యాసకుడు కాదు, పండితుడు అసలే కాదు. కాని ఆఫీసు పని తెలిసిన మనిషి. ముఖ్యమంత్రి అయ్యాక కూడా ఆయన పద్ధతి జిల్లా పరిషత్తు అధ్యక్షుడి పద్ధతే.

1962లో వేంసూరు నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. కాసు బ్రహ్మానందరెడ్డిగారి మంత్రివర్గంలో హోంశాఖ ఆయన చేతికొచ్చింది. అప్పుడు శ్రీకాకుళం కొండల్లో గిరిజన పోరాటం భగ్గుమంటోంది. 1970 జులైలో ఆ ఉద్యమ నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం పోలీసు కాల్పుల్లో చనిపోయారు. పుట్టిన సీమలోనే ఆ ఉద్యమాన్ని అణచే హోంమంత్రి కావటం విధి వైచిత్రి అనుకోవాలి. శాంతిభద్రతలు కాపాడిన మొనగాడని ఒక వర్గం ఆయన్ను పొగిడింది. రెండో వర్గం ఆయన్ను ఏనాడూ క్షమించలేదు.

ముఖ్యమంత్రి పీఠం

1972, 73 సంవత్సరాల సంగతి మీ తాతగార్లను అడగండి. ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కోస్తా, రాయలసీమ భగ్గుమన్నాయి. జై ఆంధ్ర ఉద్యమం. ఏలూరు, తాడేపల్లిగూడెం, భీమవరం అని లేదు, కాలేజీ ఉన్న ప్రతి ఊళ్ళో విద్యార్థులే ముందు నడిచారు. క్లాసులు లేవు, పరీక్షలు లేవు, ఉద్యోగులు సమ్మె కట్టారు. అంతకు మూడేళ్ళ ముందే, 1969లో, తెలంగాణ విద్యార్థులు ప్రత్యేక రాష్ట్రం కోసం ప్రాణాలిచ్చి ఉన్నారు. పి.వి. నరసింహారావుగారి ప్రభుత్వం 1973 జనవరిలో పోయింది, రాష్ట్రపతి పాలన వచ్చింది.

ఆ సెప్టెంబరులో ఇందిరాగాంధీగారి పెద్దరికంలో ఆరు సూత్రాల పథకం కుదిరింది. ఇక దాన్ని నడిపే మనిషి కావాలి. రెండు ప్రాంతాల వాళ్ళూ ఒప్పుకునే మనిషి కావాలి. కోస్తాలో పుట్టి, తెలంగాణలో పెరిగి, హోంశాఖ చూసి, ఫైలు తెలిసిన వెంగళరావుగారు అలా ముందుకొచ్చారు. 1973 డిసెంబరు 10న ప్రమాణ స్వీకారం చేశారు.

ఆరు సూత్రాలంటే పాతకథ అనుకోకండి. మీలో ప్రతివాడూ అడ్మిషనుకు వెళ్ళినప్పుడు లోకల్, నాన్ లోకల్ అనే మాట విన్నవాళ్ళే. స్టడీ సర్టిఫికెట్ల కోసం చిన్నప్పటి బడుల చుట్టూ తిరిగిన వాళ్ళే. ఆ మాట పుట్టింది అక్కడే. రాజ్యాంగానికి 32వ సవరణ జరిగి 371 డి అధికరణం వచ్చింది. 1974లో అడ్మిషన్ల మీద రాష్ట్రపతి ఉత్తర్వు, 1975 అక్టోబరులో ఉద్యోగాల మీద మరొకటి వచ్చాయి. కాలేజీ సీట్లలో నూటికి 85 స్థానికులకు. ఉద్యోగాలకు రాష్ట్రాన్ని జోన్లుగా విడగొట్టారు. ఉభయ గోదావరులు, కృష్ణా కలిపి రెండో జోను. ఆ ఏర్పాటు సరిగా అమలు కాలేదనే ఫిర్యాదే తర్వాత తెలంగాణ ఉద్యమానికి మళ్ళీ ఊపిరి పోసింది. 2014లో రాష్ట్రం విడిపోయింది. అయినా మధ్యలో నలభై ఏళ్ళ పాటు ఒకే రాష్ట్రంగా నడిచిందంటే, ఆ తొలి నాలుగేళ్ళలో వేసిన పట్టాల మీదనే.

చదువుకున్న వాళ్ళుగా మనం గుర్తుంచుకోవలసినవి ఇంకా ఉన్నాయి. ఆరు సూత్రాల ఫలితంగానే 1974లో హైదరాబాదులో కేంద్ర విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1976లో వరంగల్లులో కాకతీయ, గుంటూరు దగ్గర నాగార్జున విశ్వవిద్యాలయాలు వెలిశాయి. అంతకు ముందు పి.జి. సీటు అంటే విశాఖపట్నమో, తిరుపతో, ఉస్మానియానో. 1975 ఏప్రిల్లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిగాయి. విద్యామంత్రి మండలి వెంకటకృష్ణారావుగారు పెళ్ళిపెద్దలా నిలబడి నడిపించారు. రెండేళ్ళ క్రితం ఒకరి నొకరు తిట్టుకున్న తెలుగువాళ్ళు ఒకే పందిరి కింద కూర్చున్నారు. 1975 డిసెంబరులో గోదావరి నీళ్ళ మీద పరీవాహక రాష్ట్రాల మధ్య ఒప్పందం కుదిరింది. భూపరిమితి చట్టం 1975 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది, కాగితం మీద గట్టిగానూ, పొలం మీద మెత్తగానూ.

కొల్లేరు

ఇప్పుడు మా ఊరి సంగతి.

కృష్ణ, గోదావరి డెల్టాల మధ్య ఉన్న పళ్ళెం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, ఇంకా ఎన్నో డ్రెయిన్లు వచ్చి అందులో పడతాయి. బయటికి పోయే దారి ఒక్కటే, ఉప్పుటేరు. సముద్రమట్టానికి పది అడుగుల కాంటూరు దాకా లెక్కేస్తే సరస్సు విస్తీర్ణం 901 చదరపు కిలోమీటర్లు. అయిదడుగుల దాకా అయితే 308. అడుగు ఎత్తులో తేడా వస్తే వేల ఎకరాలు తేలతాయి, వేల ఎకరాలు మునుగుతాయి. కొల్లేటి వాడి బతుకంతా ఆ అడుగు మీదే.

మా తాతకు ఒక తాటిదోనె, కొన్ని మావులు ఉండేవి. మావులంటే వెదురు పుల్లలతో అల్లిన చేపల బుట్టలు. రాత్రి నీళ్ళలో దింపి, తెల్లారి ఎత్తేవాడు. కొర్రమీను, మట్టగిడస, జెల్ల, ఏది పడితే అది. వేసవిలో నీళ్ళు తీసినప్పుడు దొరికిన చెక్కలో ఒక పంట వరి వేసేవాళ్ళు. కోతకు ముందే ఎగువ నీళ్ళు దిగితే పంట చేపలకు. వరదొచ్చిన ఏడు దిబ్బల మీద పశువులతో పాటు మనుషులు. ఏలూరు ఆసుపత్రికి రోగిని తీసుకుపోవాలంటే దోనె మీద ముందు గట్టు చేరాలి. చేరేదాకా ప్రాణం ఉంటే అదృష్టం.

ఇలాంటి చోటికి 1976లో 118వ నంబరు జీవో వచ్చింది. కొల్లేటి గర్భంలో చేపల చెరువులు తవ్వించి, లంక గ్రామాల మత్స్యకారులతో, చిన్నకారు రైతులతో సహకార సంఘాలు పెట్టించి, ఆ చెరువులు వాళ్ళ చేతికి ఇవ్వటం దాని సారాంశం. మా నాన్న సంఘంలో సభ్యుడయ్యాడు. అప్పటిదాకా మా నాన్న పేరు ప్రభుత్వం కాగితం మీద ఎక్కింది వరద సాయం జాబితాలో మాత్రమే. మొదటిసారి ఆ పేరు ఆస్తి ఉన్నవాడిగా ఒక రిజిస్టరులో ఎక్కింది. దాని విలువ తాతలనాడే పాసుపుస్తకాలున్న ఇళ్ళలో పుట్టినవాళ్ళకు తెలియటం కష్టం.

చేప పట్టి బతికిన వాళ్ళు చేప పెంచటం నేర్చుకున్నారు. బొచ్చె, శీలావతి పిల్లలు తెచ్చి వదలటం, తవుడు, చెక్క మేత వేయటం, పట్టుబడి రోజున ఐసు పెట్టి లారీకెత్తటం. కొల్లేటి చేప కలకత్తా దాకా పోయింది. సంఘం పంపకంలో వచ్చిన డబ్బుతోనే నన్ను ఏలూరులో కాలేజీలో చేర్చారు. మా ఇంట్లో డిగ్రీ క్లాసులో కూర్చున్న మొదటివాణ్ణి నేను. ఈ సంగతి దాచి, తటస్థుడిలా ఆ ముఖ్యమంత్రి జీవితం రాస్తే అది అబద్ధమవుతుంది.

రెండో వైపు

హాస్టల్లో ఒక రాత్రి వెంగళరావుగారి గురించి నేను గొప్పగా చెబుతున్నాను. నాకంటే రెండేళ్ళు పెద్దవాడైన ఒక సీనియరు అంతా విని, పెట్టె లోంచి ఒక చిన్న పుస్తకం తీసి నా చేతిలో పెట్టాడు. చదివి పొద్దున ఇవ్వమన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అందులో ఉన్నది అత్యవసర పరిస్థితి కాలం. 1975 జూన్ 25 రాత్రి మొదలై 1977 మార్చి దాకా నడిచిన కాలం. ఆ నెల తిరిగిన జులైలోనే మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవుల్లో నలుగురు యువకులు పోలీసు తుపాకులకు బలయ్యారు. వాళ్ళలో సూరపనేని జనార్దన్ వరంగల్ ప్రాంతీయ ఇంజనీరింగు కాలేజీ విద్యార్థి. ఎదురుకాల్పులని ప్రభుత్వం చెప్పింది. తర్వాత 1977లో జస్టిస్ తార్కుండే నాయకత్వాన పౌర కమిటీ వచ్చి ఊళ్ళు తిరిగి విచారించి, పట్టుకుని కాల్చారని తేల్చింది. ప్రభుత్వం వేసిన భార్గవా కమిషన్ విచారణ ముగింపుకు రాకుండానే ఆగిపోయింది. 1975 డిసెంబరు 1న ముషీరాబాదు జైల్లో భూమయ్య, కిష్టాగౌడ్ అనే ఇద్దరు రైతుకూలీ ఉద్యమకారులను ఉరితీశారు. దేశదేశాల నుంచి విన్నపాలు వచ్చినా ఆగలేదు. అంతకుముందే, 1974లో, విప్లవ రచయితల మీద సికిందరాబాదు కుట్రకేసు పెట్టారు. పదిహేనేళ్ళు నడిచి 1989లో ఆ కేసు వీగిపోయింది. పదిహేనేళ్ళంటే ఒక మనిషి యౌవనం.

ఇవన్నీ జరిగినప్పుడు ముఖ్యమంత్రి వెంగళరావుగారే. హోంమంత్రిగా పనిచేసిన మనిషి, పోలీసు శాఖ ఎలా నడుస్తుందో తెలిసిన మనిషి. కింది వాళ్ళు చేశారు, ఆయనకు తెలియదు అనటానికి వీల్లేదు.

పొద్దున పుస్తకం తిరిగి ఇచ్చాను. సీనియరు ఏమీ అడగలేదు, నేనూ ఏమీ చెప్పలేదు. సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు మాత్రం నాన్నతో చెప్పాను. ఆయన వలకు ముడులు వేస్తూ చాలాసేపు ఊరుకున్నాడు. ఆ పిల్లల తల్లులు ఉన్నారా అని మాత్రం అడిగాడు.

దిగిన తర్వాత

1977 ఎన్నికల్లో ఉత్తరాదిన కాంగ్రెసు తుడిచిపెట్టుకు పోయినా, మన రాష్ట్రంలో 42 లోక్‌సభ స్థానాల్లో 41 గెలిచింది. వెంగళరావుగారి పలుకుబడికి అది శిఖరం. ఆ శిఖరం మీద ఎంతోకాలం నిలబడలేదు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచింది. వేలమంది కొట్టుకుపోయారు. కేంద్రంలోని జనతా ప్రభుత్వం ఆయన మీద ఆరోపణలకు విమదలాల్ కమిషన్ వేసింది. 1978 మొదట్లో కాంగ్రెసు చీలింది. వెంగళరావుగారు ఇందిరాగాంధీగారితో వెళ్ళకుండా బ్రహ్మానందరెడ్డిగారి వైపు ఉండిపోయారు. ఆ ఎన్నికల్లో ఇందిరా కాంగ్రెసుకు 294లో 175 స్థానాలొచ్చాయి. చెన్నారెడ్డిగారు ముఖ్యమంత్రి అయ్యారు.

తర్వాత మళ్ళీ పాతగూటికి చేరి, 1984లోనూ 1989లోనూ ఖమ్మం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. రాజీవ్‌గాంధీగారి ప్రభుత్వంలో 1986 నుంచి 1989 దాకా పరిశ్రమల మంత్రిగా చేశారు. 1999 జూన్ 12న కన్నుమూశారు. సత్తుపల్లిలో ఒక కళాశాల, ఒక బొగ్గు గని ఆయన పేరు మోస్తున్నాయి.

అదే 1999 అక్టోబరులో, ఆయన పోయిన నాలుగు నెలలకు, కొల్లేటిని అయిదో కాంటూరు దాకా అభయారణ్యంగా ప్రకటించారు. ఎందుకలా వచ్చింది? సంఘాల చెరువులు చూసి డబ్బున్నవాళ్ళు దిగారు. లీజుల పేరుతో, బినామీల పేరుతో గట్ల మీద గట్లు లేచాయి. సంఘంలో సభ్యుడు తన చెరువుకే కాపలావాడయ్యాడు. నీళ్ళు ఉప్పుటేటికి పోయే దారులు మూసుకుపోయాయి. వలస పక్షులకు చోటు కరువైంది. 2002లో సరస్సుకు రాంసర్ గుర్తింపు వచ్చింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు అని యంత్రాలు దించి చెరువు గట్లు కొట్టేశారు. పెద్దవాళ్ళ చెరువులతో పాటు మా సంఘం చెరువూ పోయింది. ఆ గట్టు తెగిన రోజు మా నాన్న చూడటానికి వెళ్ళలేదు. ఇంట్లో కూర్చుని పాత సంఘం రిజిస్టరు తిరగేశాడు.

అయితే ఒక మాట. గట్లు అలా పెరిగిపోనిస్తే ఏమయ్యేదో కూడా మనం ఒప్పుకోవాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సగం ఊరు ఇళ్ళ కప్పులెక్కింది. బుడమేరు చివరికి చేరవలసింది కొల్లేటికే. పళ్ళెంలో చోటు లేకపోతే నీళ్ళు ఎక్కడికి పోతాయి?

తూకం

సోవియట్ దేశం ఉన్న రోజుల్లో ఉజ్బెకిస్తాన్ పార్టీ కార్యదర్శిగా షరాఫ్ రషీదోవ్ అనే ఆయన 1959 నుంచి 1983లో చనిపోయేదాకా పనిచేశాడు. మన లాల్‌బహదూర్ శాస్త్రిగారు 1966లో కన్నుమూసిన తాష్కెంటు ఆయన రాజధాని. ఆయన హయాంలో పత్తి పంట పెరిగింది, ఊళ్ళు పెరిగాయి. ఆ పత్తి కోసం మళ్ళించిన నదుల వల్ల అరల్ సముద్రం ఎండటం మొదలైంది. బతికున్నన్నాళ్ళు పతకాలిచ్చారు. పోయాక పత్తి దొంగలెక్కల కేసు బయటపడి పేరు చెరిపేశారు. దేశం విడిపోయాక ఉజ్బెకులు మళ్ళీ విగ్రహం నిలబెట్టారు. మూడు సార్లూ మనిషి ఒక్కడే, లెక్క రాసేవాళ్ళు మారారు. మనం అలా రాయకూడదని నా కోరిక. పొగిడేటప్పుడు గిరాయిపల్లిని దాచకూడదు, తిట్టేటప్పుడు లంక గ్రామాల సంఘాలను దాచకూడదు.

వెంగళరావుగారు నాకు చదువునిచ్చిన జీవో ఇచ్చారు. నాలాంటి చదువుకునే కుర్రవాళ్ళు చనిపోతున్నప్పుడు అదే కుర్చీలో కూర్చున్నారు. ఈ రెంటినీ కలిపి సగటు తీసే లెక్క నాకు రాదు. ఒకదానికి రుణపడి ఉన్నాను. రెండోదానికి జవాబు అడిగే హక్కు ఇంకా మిగిలే ఉంది. ఒక కుటుంబంలో తండ్రి మీద గౌరవం పెట్టుకుని కూడా ఆయన చేసిన తప్పును తప్పు అనగలం కదా. పాలకుల విషయంలోనూ అంతే.

మిత్రులారా, రేపు మీలో కొందరు గ్రూపు పరీక్షలు రాసి ఆఫీసర్లవుతారు. కొందరు రాజకీయాల్లోకి పోతారు. మీ సంతకంతో ఎక్కడో ఒక లంకలో ఒకడి పేరు రిజిస్టరులో ఎక్కుతుంది. మీ సంతకంతోనో, మీ మౌనంతోనో ఇంకెక్కడో ఒక ఇంటి దీపం ఆరిపోవచ్చు. రెండూ ఒకే బల్ల మీద, ఒకే రోజు జరగవచ్చు. ఆ బల్ల దగ్గర కూర్చున్న రోజున, వీలైతే, మా నాన్న అడిగిన ప్రశ్న ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి.